రంగు పరీక్షలో బొగ్గు కడ్డీ: కర్బన ఎలక్ట్రోడుల పాఠము

మన చేనేత సంఘములలో వచ్చు తగవులలో రంగు తగవు ముఖ్యమైనది. నీలి చీర నాలుగు ఉతుకులకే వెలిసినదని కొన్నవారు సరుకు వాపసు పంపుదురు. నేసినవారు అద్దకపువారిని అందురు. అద్దకపువారు రంగు అమ్మినవారిని అందురు. రంగు అమ్మినవారు హైడ్రోసు పాతదనియో, నీరు మంచిది కాదనియో చెప్పి తప్పుకొందురు. తుదకు నష్టము వచ్చి పడునది మగ్గము మీద కూర్చున్నవారి మజూరీ మీదనే. ఎవరి మాట నిజమో తేల్చు సాక్షి లేకపోవుటయే దీనికి కారణము.

అట్టి సాక్షి ఒకటి కలదు. అది బొగ్గుతో చేసిన చిన్న కడ్డీ. దానిని ద్రావకములో ముంచి కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చిన యెడల, ఆ ద్రావకములో ఏ పదార్థమున్నదో, ఎంత ఉన్నదో తెలిసికొనవచ్చును. దీనిని శాస్త్రజ్ఞులు కర్బన ఎలక్ట్రోడుతో చేయు విద్యుత్ రసాయన విశ్లేషణ అందురు. పేరు పెద్దదైనను సంగతి మన రంగు బానకు దగ్గరిదే. సోలాపురము, భివండీ, సేలము, బళ్లారి, బరంపురము, యానాము మొదలగు చోట్ల నున్న మన కుటుంబముల వారందరికి తెలియునట్లు దీనిని వరుసగా వివరించెదను.

1. ఎలక్ట్రోడు అనగా నేమి?

ద్రావకములోనికి విద్యుత్తును పంపుటకు, అందుండి విద్యుత్తును తీసికొనుటకు వాడు కడ్డీని ఎలక్ట్రోడు అందురు. తీగెలో ప్రవహించునవి ఎలక్ట్రానులను మిక్కిలి సూక్ష్మమైన కణములు. కడ్డీ కొనవద్ద ద్రావకములోని పదార్థము ఈ ఎలక్ట్రానులను పుచ్చుకొనును, లేదా తన ఎలక్ట్రానులను ఇచ్చివేయును. పుచ్చుకొనుటను క్షయకరణమనియు, ఇచ్చుటను ఆక్సీకరణమనియు అందురు.

దీనిని నూలు బజారు బేరముతో పోల్చవచ్చును. ప్రతి వర్తకునకు తనకు గిట్టు ధర యొకటి ఉండును. ఆ ధర వచ్చువరకు అతడు సరుకు కదల్చడు. వచ్చిన వెంటనే సరుకు చేతులు మారును. ఇచ్చట ధర వంటిది వోల్టు. చేతులు మారిన సరుకు వంటిది కరెంటు. ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వోల్టు వద్ద కదలును. కనుక వోల్టును మెల్లమెల్లగా పెంచుచు, ఏ వోల్టు వద్ద కరెంటు లేచెనో చూచినచో పదార్థమేదో తెలియును. ఎంత కరెంటు లేచెనో చూచినచో అది ఎంత ఉన్నదో తెలియును. ఈ పాఠమంతటికిని మూలము ఈ రెండు మాటలే.

ప్రయోగశాలలో మూడు కడ్డీలు వాడుదురు. మొదటిది పని చేయు ఎలక్ట్రోడు. పరీక్ష జరుగునది దీని కొన మీదనే. రెండవది ఆధార ఎలక్ట్రోడు. ఇది తక్కెడలోని తూకపు రాయి వంటిది, వోల్టును దీనితో పోల్చి లెక్కింతురు. దీనికి సాధారణముగా వెండి, వెండి క్లోరైడు పూత గల తీగెను వాడుదురు. మూడవది తోడు ఎలక్ట్రోడు. కరెంటు తిరుగు దారిని పూర్తి చేయుటయే దీని పని.

2. బొగ్గునే ఎందుకు వాడుదురు?

ఈ విద్యకు తొలి రూపమిచ్చినవాడు ప్రేగు నగరమునకు చెందిన యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ. ఆయన 1922లో పాదరసపు బొట్లను ఎలక్ట్రోడుగా వాడి ఈ పద్ధతిని కనుగొనెను. 1959లో ఆయనకు రసాయన శాస్త్రములో నోబెలు బహుమతి లభించినది. పాదరసపు బొట్టు ఎప్పటికప్పుడు క్రొత్తది గనుక దాని ముఖము శుభ్రముగా నుండును. కాని దానిలో రెండు లోపములు కలవు. పాదరసము విషము. అదియు గాక వోల్టును ధన వైపునకు పెంచినపుడు పరీక్షించవలసిన పదార్థము కంటె ముందు పాదరసమే ఆక్సీకరణము చెందును. అందుచేత ఎలక్ట్రానులను ఇచ్చు స్వభావము గల ఫినాలులు, అమీనులు మొదలగు వాటిని దానితో పరీక్షించుట కష్టము.

బొగ్గునకు ఈ చిక్కు లేదు. గ్రాఫైటు అను బొగ్గు జాతి లోహము వలె విద్యుత్తును పోనిచ్చును, కాని లోహము వలె తుప్పు పట్టదు. ఆమ్లమునకు గాని కాస్టిక్కునకు గాని సులభముగా లొంగదు. ధన వైపునకు, ఋణ వైపునకు చాల దూరము వోల్టు మార్చినను తాను కదలక నిలుచును. వెల తక్కువ. ముఖము మాసినప్పుడు అరుగదీసి మరల క్రొత్తదిగా చేసికొనవచ్చును.

1958లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ ఆడమ్స్ గ్రాఫైటు పొడితో ముద్ద చేసి ఎలక్ట్రోడుగా వాడవచ్చునని చూపెను. నేడు ఈ ముద్దను ఖనిజ తైలముతో కలుపుదురు. చిన్న గొట్టములో దానిని కూరి, కొనను కాగితము మీద రుద్ది నునుపు చేసిన చాలును. తరువాత గాజు వలె గట్టిగా, నిగనిగలాడుచు నుండు గాజు కర్బనము వాడుకలోనికి వచ్చినది. దీనిని అల్యూమినా పొడితో మెరుగు పెట్టి వాడుదురు.

మూడవ రకము అచ్చు వేసిన కర్బన పట్టీ. ఇది మనకు అన్నిటి కంటె పరిచయమైనది. చక్కెర వ్యాధి గలవారు ఇంటిలో రక్తము చూచుకొను చిన్న పట్టీలు అనేక రకములలో ఇట్టివే. మనము గుడ్డ మీద జాలి తెర పరచి రబ్బరు పలకతో రంగు లాగినట్లే, కర్బనపు సిరాను జాలి గుండా ప్లాస్టిక్కు ముక్క మీదికి లాగుదురు. ఇట్టి పట్టీతో పని చేయు చక్కెర పరీక్ష సాధనము 1987లో అమ్మకమునకు వచ్చినది. స్క్రీన్ ప్రింటు చేయువారి విద్యయే వైద్యమునకు ఈ విధముగా ఉపయోగపడినది.

3. ఇంటిలో చేయదగిన చిన్న పరీక్ష

కర్బనపు కడ్డీ వద్ద ఏమి జరుగునో కన్నులతో చూచుటకు ఈ పరీక్ష చాలును. పిల్లలకు పెద్దలు దగ్గర నుండి చూపవలెను.

రెండు మామూలు పెన్సిళ్లను రెండు కొనలును చెక్కవలెను. పెన్సిలు ములుకులో గ్రాఫైటు, బంకమట్టి కలిసి ఉండును; ప్రయోగశాలలలో కూడ పెన్సిలు ములుకులను ఎలక్ట్రోడులుగా వాడుచున్నారు. తెల్లని నూలు గుడ్డ ముక్కను పసుపు నీటిలో ముంచి తీయవలెను. అద్దకపు ఇంటిలో నుండు గ్లాబరు ఉప్పు ఒక చెంచా గ్లాసుడు నీటిలో కరిగించి, ఆ నీటితో గుడ్డను తడిపి గాజు పలక మీద పరువవలెను. 9 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు కొనలకు తీగెలు కట్టి, ఒక్కొక్క తీగెను ఒక్కొక్క పెన్సిలు పై ములుకునకు చుట్టవలెను. పెన్సిళ్ల క్రింది ములుకులను రెండు వ్రేళ్ల ఎడముతో తడి గుడ్డ మీద ఆనించవలెను.

కొంత సేపటికి ఋణ ధ్రువమునకు కట్టిన పెన్సిలు క్రింద ఎర్రని చుక్క ఏర్పడును. పసుపులో సున్నము కలిపినప్పుడు పారాణి ఎర్రబడుట మన ఆడవారందరికి తెలిసినదే. ఇచ్చట సున్నము వేయలేదు. కాని ఋణ పెన్సిలు వద్ద నీరు ఎలక్ట్రానులను పుచ్చుకొని, హైడ్రోజను వాయువు విడిపోయి, క్షారము మిగిలినది. ఆ క్షారమే పసుపును ఎర్రజేసినది.

జాగ్రత్తలు మూడు. గ్లాబరు ఉప్పునకు బదులు వంట ఉప్పు వాడరాదు. వాడినచో ధన పెన్సిలు వద్ద క్లోరిను వాయువు పుట్టును. ఇంటి కరెంటు ప్లగ్గును ఎన్నడును వాడరాదు. బొగ్గు కడ్డీ కొరకు పాత టార్చి సెల్లును పగులగొట్టరాదు.

ఈ పరీక్షలో మనము బ్యాటరీ బలమంతయు ఒక్కసారిగా ప్రయోగించితిమి. విశ్లేషణలో అట్లు చేయరు. వోల్టును వెంట్రుకవాసి చొప్పున మార్చుచు ప్రతి మెట్టున కరెంటును కొలుతురు. భేదము అంతే.

4. నీలిమందు చెప్పు సాక్ష్యము

ఇక అసలు సంగతికి వత్తము. నీలిమందు నీటిలో కరగదు. హైడ్రోసు, కాస్టిక్కు వేసి బాన కట్టినప్పుడు నీలిమందు అణువు రెండు ఎలక్ట్రానులను పుచ్చుకొని పసుపుపచ్చ రూపమునకు మారి కరుగును. చిలపలను ముంచి పైకి తీసి ఆరవేసినప్పుడు గాలిలోని ప్రాణవాయువు ఆ ఎలక్ట్రానులను తీసికొనును. నీలి మరల వచ్చును, నూలులో నిలిచిపోవును. అనగా మన అద్దకపువారు తరతరములుగా చేయుచున్నది ఎలక్ట్రానుల ఇచ్చిపుచ్చుకోలే.

అనుభవము గల అద్దకపువారు దీనినే పరీక్షగా వాడుదురు. అనుమానము గల నీలి నూలు పోగును కొద్దిగా వేడి చేసిన హైడ్రోసు, కాస్టిక్కు నీటిలో వేయుదురు. నీలిమందైనచో పసుపుపచ్చగా మారి, గాలి తగులగానే మరల నీలమగును. అజో జాతికి చెందిన చౌక నీలి రంగైనచో తెల్లబోవును, మరల రాదు. కారణమేమనగా అజో రంగు ఎలక్ట్రానులను పుచ్చుకొన్నప్పుడు దాని అణువు నడుమ విరిగి రెండు ముక్కలగును. విరిగినది అతకదు.

బొగ్గు ఎలక్ట్రోడు ఇదే పరీక్షను తూకము ప్రకారము చేయును. వోల్టును ఋణ వైపునకు తీసికొనిపోయి మరల వెనుకకు తెత్తురు. నీలిమందైనచో పోవునప్పుడు ఒక కరెంటు శిఖరము, వచ్చునప్పుడు దానికి జత శిఖరము కనబడును. అజో రంగైనచో పోవు శిఖరము మాత్రమే ఉండును, తిరుగు జత ఉండదు.

హైడ్రోసు పరీక్ష చెప్పలేనిది కూడ ఎలక్ట్రోడు చెప్పును. ఆంత్రాక్వినోను జాతి వ్యాటు రంగులు కొన్ని నీలిమందు వలెనే పోయి వచ్చును. హైడ్రోసు నీటిలో వాటిని కంటితో విడదీయుట కష్టము. కాని వాటి వోల్టు వేరు. నీలిమందు ఘనరూపముననే బొగ్గు మీద ఉన్నప్పుడు, కొద్దిగా ఆమ్లము గల ద్రావకములో, వెండి ఆధార ఎలక్ట్రోడుతో పోల్చినచో, సుమారు ఋణ 0.3 వోల్టు వద్ద క్షయకరణము చెందును. సుమారు ధన 0.45 వోల్టు వద్ద ఆక్సీకరణము చెందును. ద్రావకములో ఆమ్లము మారినచో ఈ అంకెలు కూడ మారును. అందుచేత తెలిసిన నీలిమందును ప్రక్కన పెట్టి, అదే ద్రావకములో పోల్చి చూచుట నియమము.

ఈ పరీక్షకు కావలసిన సరుకు ఎంత? 1989లో ఫ్రిట్జ్ షోల్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక సులభ పద్ధతిని ప్రకటించిరి. మైనము పట్టించిన గ్రాఫైటు కడ్డీ కొనను కంటికి ఆననంత పొడి మీద రుద్ది, ద్రావకములో ముంచి వోల్టు మార్చుటయే ఆ పద్ధతి. పొడిని ముందుగా కరిగించ నక్కరలేదు. స్పెయిను దేశమున వలెన్సియా విశ్వవిద్యాలయమునకు చెందిన అంటోనియో డొమెనెక్, ఆయన తోటివారు ఈ పద్ధతితోనే మెక్సికో ప్రాచీనుల మాయా నీలమును పరీక్షించిరి. అది నీలిమందును ఒక విధమైన తెల్లమట్టిలో కలిపి చేసిన రంగు. శతాబ్దముల నాటి గోడ మీది రంగు నుండి రవ్వంత తీసి పరీక్ష చేయగలిగినప్పుడు, మన చీర అంచు నుండి ఒక్క పోగు తీసి పరీక్షించుట అసాధ్యమా? చీర చెడదు, సాక్ష్యము దొరకును.

5. ఎంత ఉన్నదో తెలిసికొనుట

ఏమి ఉన్నదో తెలిసినంత మాత్రమున చాలదు. ఎంత ఉన్నదో కూడ తెలియవలెను. దీనికి సులభమైన లెక్క ఒకటి కలదు. ఉదాహరణకు ఒక నీటి నమూనాలో పరీక్షించు పదార్థము 4 మైక్రో ఆంపియర్ల కరెంటు ఇచ్చినదనుకొందము. అదే నీటిలో లీటరునకు 10 మిల్లీగ్రాములు పెరుగునట్లు ఆ పదార్థమునే తూచి కలిపితిమి. కరెంటు 6 అయినది. 10 మిల్లీగ్రాములకు 2 మైక్రో ఆంపియర్లు పెరిగినవి. కావున మొదటి 4 మైక్రో ఆంపియర్లకు కారణమైనది లీటరునకు 20 మిల్లీగ్రాములు. మూడవ తరగతి పిల్లవాడును వేయగల లెక్క ఇది.

బాన విషయములో కూడ లెక్క అవసరమే. నూరు గ్రాముల శుద్ధ నీలిమందును కరిగించుటకు సిద్ధాంతము ప్రకారము సుమారు 66 గ్రాముల శుద్ధ హైడ్రోసు చాలును. వాడుకలో అంత కంటె ఎక్కువ పట్టును. కారణము గాలి. మూత తెరచిన డబ్బాలోను, కలియబెట్టు బానలోను ప్రాణవాయువు హైడ్రోసును తినివేయును. హైడ్రోసు తగ్గినచో నీలిమందు పూర్తిగా కరగక నూలు పైపైన అంటుకొనును. అది ఉతుకులో పోవును. పెద్ద కార్ఖానాలలో బానలో ఒక ఎలక్ట్రోడు వ్రేలాడదీసి వోల్టును చూచుచు హైడ్రోసు వేయుదురు. ఈ ఒక్క పనికి సాధారణముగా వాడునది ప్లాటినము. మనకు ఆ సౌకర్యము లేనప్పుడు డబ్బా మూత బిగించుట, తెరచిన తేదీ వ్రాయుట, తూచి వేయుట అను మూడింటిని పాటించినను చాల మేలు.

అద్దకపు ఇండ్ల దాపున బావులు గలవారు మరియొక ఉపయోగమును గమనింపవలెను. నీటిలో సీసము, కాడ్మియము వంటి లోహములను కూడ కర్బన ఎలక్ట్రోడు పట్టుకొనును. మొదట కొన్ని నిమిషములు ఋణ వోల్టు వద్ద ఉంచినచో నీటిలోని లోహము కడ్డీ మీద పేరుకొనును. తరువాత వోల్టును ధన వైపునకు త్రిప్పగా ఒక్కొక్క లోహము తన వంతున విడిపోవుచు శిఖరము చూపును. పూర్వము దీనికి కడ్డీ మీద పాదరసపు పూత వేయుచుండిరి. 2000లో జోసెఫ్ వాంగ్, ఆయన సహచరులు బిస్మతు పూత వేసిన కర్బన ఎలక్ట్రోడు ఆ పని చేయునని చూపి విషపు బెడదను తగ్గించిరి. త్రాగునీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణము. అంత కొద్ది మాత్రమును కూడ ఈ పద్ధతితో కొలువవచ్చును.

6. నిషేధింపబడిన రంగులు

అజో రంగు విరిగి రెండు ముక్కలగునని పైన చెప్పితిని. ఆ ముక్కలు అమీనులు. వాటిలో బెంజిడీను మొదలగు కొన్ని మనుష్యులకు క్యాన్సరు కలుగజేయును. ఇట్టి అమీనులను ఇచ్చు రంగులను 1994లో జర్మనీ నిషేధించినది. 1997లో భారత ప్రభుత్వము పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 70 అజో రంగులను నిషేధించినది. అంతకు ముందే నిషేధించిన 42 బెంజిడీను రంగులతో కలిపి మొత్తము 112. 2002లో ఐరోపా సమాజము కిలో గుడ్డకు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టినది. అజో రంగులన్నియు చెడ్డవని దీనికి అర్థము కాదు. నిషేధము ఆ జాబితాలోని వాటికే.

ఈ అమీనులు ఎలక్ట్రానులను సులభముగా ఇచ్చును గనుక కర్బన ఎలక్ట్రోడు వాటిని ధన వైపున పట్టుకొనును. పాదరసము చేయలేని పని ఇది. అయితే ఎగుమతికి కావలసిన ధ్రువపత్రము క్రొమటోగ్రఫీ అను వేరు పద్ధతితోనే ఇత్తురు. ఎలక్ట్రోడును తొలి జల్లెడగా భావింపవలెను. ఇందు ముఖ్యమైన సంగతి సరుకు వాపసు ఒక్కటే కాదు. గుడ్డ కట్టుకొన్నవారి కంటె ముందు, ఆ రంగులో రోజంతయు చేతులు ముంచువారు మన అద్దకపు ఇండ్ల ఆడవారు, మగవారు. చిల్లరగా పేరు లేని పొట్లములలో అమ్ము రంగు కొనుట ఈ కారణము చేతనే మానవలెను.

7. ఎలక్ట్రోడు చెప్పలేనిది

సాక్షికి తెలియని దానిని సాక్షి చేత చెప్పించరాదు. చెట్టు నుండి తీసిన నీలిమందునకును, 1897 నుండి కార్ఖానాలలో చేసి అమ్ముచున్న నీలిమందునకును అణువు ఒక్కటే. కావున ఎలక్ట్రోడు రెండింటిని నీలిమందే అనును. అసలు చెట్టు నీలి అని ఎక్కువ వెల పెట్టి కొన్నవారు ఈ పరీక్షతో తృప్తి పడరాదు. ఆ భేదము తేల్చుటకు కర్బనము-14 పరీక్ష కలదు. చెట్టు కర్బనములో అది ఉండును. నేలనూనె నుండి చేసిన రంగులో ఉండదు.

మరియు రంగులు కడ్డీకి అంటుకొని దాని ముఖమును మూసివేయును. మాసిన కడ్డీ తక్కువ కరెంటు చూపి తప్పు లెక్క ఇచ్చును. ప్రతి పరీక్షకు ముందు మెరుగు పెట్టవలెను, లేదా క్రొత్త పట్టీ వాడవలెను. చేయి తిరిగినవారు చేయవలసిన పని ఇది.

8. సంఘములు చేయవలసినది

మొదటిది: అద్దిన ప్రతి విడత నుండి ఒక చిలప ముక్క, వాడిన రంగు నుండి ఒక చిటికెడు, తేదీ వ్రాసిన కవరులో సంఘ కార్యాలయమున భద్రపరచవలెను. నమూనా లేనిదే ఏ సాక్షియు మాటలాడలేడు.

రెండవది: రంగు, హైడ్రోసు కొన్న రసీదులపై డబ్బా మీది విడత సంఖ్యను వ్రాసి ఉంచవలెను.

మూడవది: తగవు వచ్చినప్పుడు ముందుగా హైడ్రోసు పోగు పరీక్షను ఇరు పక్షముల ఎదుట చేయవలెను. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు మరువరాదు. సందేహము తీరనిచో వీవర్స్ సర్వీస్ సెంటరు వారిని సలహా అడిగి, నమూనాను టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలకు గాని, రసాయన శాఖ గల సమీప కళాశాలకు గాని పంపవలెను. ఎలక్ట్రోడు యంత్రము కళాశాలలలో అరుదైన వస్తువు కాదు.

నాలుగవది: పరీక్ష ఫలితము వచ్చువరకు ఎవరి మజూరీలోను ఒక్క రూపాయి కోయరాదు. ఇది సంఘ తీర్మానముగా వ్రాసికొనుట మంచిది.

మన ఇండ్లలో పదవ తరగతి దాటి సైన్సు చదువుచున్న బాలబాలికలు ఎందరో కలరు. తాతలు కట్టిన నీలి బానలో జరుగునదే తమ పాఠ్యపుస్తకములోని ఆక్సీకరణము, క్షయకరణము అని వారికి ఎవరైన చెప్పవలెను. పైన వ్రాసిన పసుపు గుడ్డ పరీక్షను సెలవు దినమున వారి చేత చేయించుడు. ఆ పిల్లలలో ఒకరిద్దరు రేపు సంఘము తరఫున నమూనా పరీక్షించి చూపగలిగినచో, వెలిసిన చీరకు లెక్క నేతగాని మజూరీ పుస్తకములో వ్రాయు అలవాటు తప్పును.